ధవళేశ్వరం గేట్లు దించాక పులస ఎటు పోవాలి?

గోదారిగట్టు
నిన్న సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గంటసేపు నిలబడి వచ్చాను. వరద తగ్గుముఖం పట్టింది, గేట్లు ఒక్కొక్కటీ దించుతున్నారు. కొంచెం ఎత్తి వదిలేసిన గేటు కింద నుంచి నీళ్ళు నురగలు కక్కుతూ తోసుకొస్తున్నాయి. ఆ నురగకు కాస్త దిగువన, స్తంభం పక్కన నీరు సుడి తిరిగే చోట వెండిలా ఏదో మెరిసి మాయమవుతోంది. పక్కన వల సర్దుకుంటున్న తాతను అడిగితే "పులసే బాబూ. పైకి పోదామని వచ్చి ఇక్కడ ఆగిపోయింది. రెండు మూడుసార్లు తల పెడతది, నీరు ఎనక్కి ఇసిరేస్తది" అన్నాడు. పావుగంట తిరక్కుండా అదే సుడిలో వల పడింది. రెండు పైకి వచ్చాయి. ఒకటి సెన పులస, కడుపు నిండా గుడ్లు.

నాకు రాత్రంతా అదే కళ్ళ ముందు. సముద్రం నుంచి అరవై కిలోమీటర్లకు పైగా ఎదురీది వచ్చింది గుడ్లు పెట్టడానికి. గోడ దగ్గర ఆగిపోయి వలలో పడటమేనా దాని బతుకు? పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి ఫిష్ ల్యాడర్ కట్టారు. మంచిదే. కానీ పోలవరం ఇక్కడికి 42 కిలోమీటర్ల ఎగువన ఉంది. కింద ధవళేశ్వరంలోనే ఆగిపోతే పైన కట్టిన మెట్లు ఏ చేప ఎక్కాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

యానాంబుల్లోడు
మా రేవులో వేలం చూశారా ఎప్పుడైనా? ఒక్క పులస 20 వేలు దాటిన రోజులున్నాయి. అంత పలికే చేప కళ్ళ ముందు తిరుగుతుంటే వల వేయనివాడు ఎవడండీ. ముందు వల సంగతి తేల్చండి, తరవాత దారి.

వంటింటివాణి
పుస్తెలమ్మి అయినా పులస తినాలని ఊరికే అన్నారా! కానీ ఇప్పుడు బజార్లో పులస పేరుతో అమ్మేదాంట్లో చాలా వరకు ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐస్ పెట్టెల్లో వచ్చిన ఇలస. మా అత్తగారు ముక్క నోట్లో పెట్టుకుని "ఇది గోదారి చూడలేదే" అని చెప్పేస్తారు. ఆవిడను తీసుకెళ్ళి రేవులో కూర్చోబెడితే సగం మోసాలు ఆగిపోతాయి.

జువాలజీమాస్టారు
గోదారిగట్టు గారి ప్రశ్న సరైన చోట తగిలింది. కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ఇలస, పులస ఒకటే చేప. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస. జూలైలో ఎర్రనీరు (కొత్త వరదనీరు) సముద్రంలోకి దిగగానే ఆ మంచినీటి జాడ పట్టుకుని గౌతమిలోకి, వశిష్ఠలోకి ఎక్కుతుంది. ఎదురీదే కొద్దీ ఒంట్లో ఉప్పు తగ్గుతుంది, రుచి మారుతుంది, పేరూ మారుతుంది. సెప్టెంబరు, అక్టోబరు దాకా ఈ రాక ఉంటుంది. గుడ్లు పెట్టాక పెద్ద చేపలు తిరిగి సముద్రానికి పోతాయి. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి ఆ తరవాత దిగుతాయి. అంటే దారి ఎక్కడానికే కాదు, దిగడానికీ కావాలి. ఈ రెండో మాట అందరూ మరిచిపోతారు.

ఇంకొకటి. టీవీలో సాల్మన్ చేప జలపాతం మీదికి ఎగరడం చూసి మన పులస కూడా అలా ఎగురుతుందని అనుకుంటారు. ఎగరదు. ఇది మందగా పోయే చేప, బెదురు ఎక్కువ. చేత్తో పట్టుకుంటే చాలు పొలుసు రాలిపోతుంది, కాసేపట్లో చచ్చిపోతుంది. సాల్మన్ కోసం గీసిన మెట్లు తెచ్చి దీనికి పెడితే ఏమవుతుందో మన దక్షిణాదిలోనే చూశాం. కావేరి పాయ కొల్లిడం మీద లోయర్ ఆనకట్టకు వంద ఏళ్ళ కిందటే ఈ చేప కోసం మెట్లు కట్టారు. చేప ఎక్కలేదు. 1934లో మెట్టూరు డ్యామ్ వచ్చాక కావేరిలో ఇలస వేటే పోయింది. మా విద్యార్థులకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు గోదావరి గురించే భయం.

మత్తడిమల్లేశ్
మాది కరీంనగర్ దిక్కు. పులస సంగతి నాకు తెల్వదు కానీ ఎదురెక్కే చేపలు చూసిన. మృగశిర కార్తెలో మొదటి పెద్దవాన పడి చెరువు మత్తడి (అలుగు) దుంకితే చాలు, కింద వాగులో ఉన్న పరకలు, జెల్లలు, వాలుగలు అన్నీ నీళ్ళకు ఎదురు వస్తయి. చిన్నప్పుడు గంపలు పట్టుకుని రాత్రంతా అక్కడే. మా పాత మత్తడి రాళ్ళు పేర్చిన వాలు. రాళ్ళ సందుల్లో నీళ్ళు ఆగి ఆగి పారేవి, చేప ఒక్కో సందులో ఊపిరి తీసుకుని పైకి పోయేది. తరవాత మరమ్మతు అని దాన్ని నున్నగా సిమెంటు చేసిన్రు. ఇప్పుడు చేప అంచు దాకా వచ్చి జారిపోతది. వాన తగ్గి నీళ్ళు పలచబడ్డయంటే ఆ సిమెంటు మీదనే ఒడ్డున పడి కొట్టుకుంటది, కాకులు ఎత్తుకపోతయి. చెరువుల చేపలు తగ్గినయని మా వాళ్ళు అంటరు, ఎందుకు తగ్గినయో ఎవరూ అడగరు.

గోదారిగట్టు
మల్లేశ్ గారూ, రాళ్ళ సందుల్లో ఊపిరి తీసుకుని పైకి పోవడం అన్నారు చూడండి, నాకు విషయం అక్కడే అర్థమైంది.

లంకరైతు
కోపం తెచ్చుకోకండి, నేను మరోవైపు నుంచి మాట్లాడతాను. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేయకముందు ఈ డెల్టా ఏమిటో మా తాతల నోట విన్నాం. ఒక ఏడు కరువు, ఒక ఏడు ఉప్పెన. మా ఊళ్ళో ఇవాళ్టికీ ఆయన బొమ్మకు దండ వేస్తాం. ఆ ఆనకట్ట స్థానంలో వచ్చిందే ఇప్పటి బ్యారేజీ. మూడు డెల్టా కాలువలు దీని మీదే బతుకుతున్నాయి. చేప కోసం గేట్లు తెరిచి ఉంచండి అంటే దాళ్వా (రెండో పంట) రోజుల్లో మా చివరి ఆయకట్టుకు నీళ్ళు ఎవరిస్తారు?

యానాంబుల్లోడు
రైతు గారూ, దాళ్వాకి పులసకి సంబంధం ఏముంది? పులస వచ్చేది వరద రోజుల్లో. లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోయే రోజుల్లో. ఆ నీళ్ళు మీరూ ఆపలేరు, మేమూ ఆపలేం.

రిటైర్డ్‌ఏఈ
నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది.

బ్యారేజీ అంటే ఒకటే గోడ కాదు. మధ్యలో లంకలతో నాలుగు ముక్కలు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. ఇక్కడ 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ స్థాయి వరదలో గేట్లన్నీ పైకి లేచిపోతాయి. దిగువ నీరు కూడా బాగా పెరిగి ఎగువ నీటికి దగ్గరగా వచ్చేస్తుంది. అప్పుడు బ్యారేజీ ఉన్నా లేనట్టే. ఒడ్డు వారగా, నెమ్మదిగా ఉన్న నీటిలో చేప దాటగలదు.

కష్టమంతా వరద తగ్గేటప్పుడు. ఎగువన నీటిమట్టం నిలబెట్టాలి కాబట్టి గేట్లు దించుతాం. దిగువన నీరు దిగిపోతుంది. అప్పుడు లెక్క చూడండి. ఎగువకు దిగువకు 3 మీటర్ల తేడా ఉందనుకుందాం. గేటు కింద సందులో నుంచి వచ్చే నీటి వేగం సెకనుకు దాదాపు 7.7 మీటర్లు. తేడా 1 మీటరే ఉన్నా 4.4 మీటర్లు. అరమీటరు కూడా లేని చేప ఈ వేగానికి ఎదురు పోవాలి. చేప ప్రాణాలు ఒడ్డి ఈదితే సెకనుకు తన పొడవుకు పదింతలు పోతుందని ఒక మోటు లెక్క. అది కూడా కొన్ని సెకన్లే. అంటే నాలుగు, నాలుగున్నర మీటర్లు. గోదారిగట్టు గారు చూసింది అదే. తల పెట్టింది, నీరు వెనక్కి విసిరేసింది.

జువాలజీమాస్టారు
ఏఈ గారూ, ఈ లెక్క నా పాఠంలో చేర్చుకుంటాను. 20 సెంటీమీటర్ల తేడాకు ఎంత వస్తుంది?

రిటైర్డ్‌ఏఈ
సెకనుకు 2 మీటర్లు, మాస్టారూ. దాన్ని పులస హాయిగా ఈదుతుంది. అందుకే మెట్లు కట్టేది. 3 మీటర్ల ఎత్తును 20 సెంటీమీటర్ల చొప్పున ముక్కలు చేస్తే 15 తొట్లు. ఒక్కో తొట్టిలో కాసేపు ఆగి, సేద తీరి, మళ్ళీ ఇంకో 20 సెంటీమీటర్లు. మల్లేశ్ గారి పాత మత్తడి రాళ్ళు చేసిందీ అదే పని.

మత్తడిమల్లేశ్
మా తాతలకు ఇంజనీరింగ్ కాలేజీ లేకున్నా పని తెలుసన్నట్టు.

మెల్‌బోర్న్‌వాసి
మాది రాజోలు దగ్గర, పదేళ్ళుగా ఆస్ట్రేలియాలో ఉంటున్నా. పిల్లలతో కలిసి ముర్రే నది మీద టొరంబరీ వియర్ (చిన్న ఆనకట్ట) చూడటానికి వెళ్ళాం. అక్కడ చూసింది చెబుతాను, మనకు పనికొచ్చే విషయం.

ముర్రే కూడా ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. ముందు అక్కడ కూడా సాల్మన్‌కు కట్టే రకం నిటారు మెట్లు కట్టారు, వాళ్ళ నది చేపలు ఎక్కలేకపోయాయి. ఆ తరవాత వెర్టికల్ స్లాట్ అనే పద్ధతికి మారారు. నేను చూసింది ఇదీ: వంకర తిరిగిన కాంక్రీటు కాలువ. దానికి అడ్డంగా గోడలు. ఒక్కో గోడలో అడుగు నుంచి పైదాకా నిలువునా ఒకే సన్నని చీలిక. నీరు ఆ చీలికలో నుంచి వచ్చి తొట్టిలో ఒక పక్కకు తిరిగి, అవతలి పక్క నెమ్మదిస్తుంది. మా అబ్బాయి కడ్డీల మీద బోర్లా పడుకుని చూస్తూ "నాన్నా, అది మూలలో నిద్రపోతోంది" అన్నాడు. నిజంగానే అరచేయంత చేప ఒకటి ఆ నెమ్మది నీటిలో కదలకుండా ఉంది. కాసేపటికి ఒక్క తోక విసురుతో చీలిక దాటి పై తొట్టిలోకి పోయింది.

ఈ చీలిక గొప్పతనం ఏమిటంటే నది రెండడుగులు పెరిగితే తొట్లన్నీ కలిసి పెరుగుతాయి, తగ్గితే కలిసి తగ్గుతాయి. చేప అడుగు నుంచి పోవచ్చు, మధ్య నుంచి పోవచ్చు. మామూలు మెట్ల దారిలో నీరు గోడ మీదుగా పొర్లాలి. నది కొంచెం దిగితే మెట్లు ఎండిపోతాయి, కొంచెం పెరిగితే మొత్తం ఒకే పరుగుగా తోసుకొస్తుంది. గోదావరిలా రోజుకో మట్టం ఉండే నదికి అది పనికిరాదు. 2001 నుంచి, సముద్రం ముఖద్వారం మొదలు హ్యూమ్ డ్యామ్ దాకా 2 వేల కిలోమీటర్ల పైన, ఒక్కో వియర్‌కూ చేప దారులు కట్టుకుంటూ పోయారు. పైన ఒకటి కట్టి కింద వదిలేయలేదు. గోదారిగట్టు గారి అనుమానానికి అక్కడ దొరికే జవాబు అదే.

వంటింటివాణి
మూలలో నిద్రపోతోంది! మీ అబ్బాయికి దిష్టి తీయండి.

మెల్‌బోర్న్‌వాసి
ఇంకో ముచ్చట. అక్కడ బయటి నుంచి వచ్చిన కార్ప్ చేప పెద్ద బెడద. దానికి ఎగిరే అలవాటుంది, అక్కడి సొంత చేపలకు లేదు. అందుకని దారిలో ఒక బోను పెట్టారు. ఎగిరింది పక్క గదిలో పడుతుంది, ఎగరనిది ముందుకు పోతుంది. చేప స్వభావం తెలుసుకుని కట్టడం అంటే ఇదీ.

నీటిబొట్టు
కెనడాలో ఫ్రేజర్ నది మీద హెల్స్ గేట్ దగ్గర కూడా ఇదే చీలిక పద్ధతి. 1913, 14లలో రైలు మార్గం పనుల రాళ్ళు నదిలో పడి దారి ఇరుకైపోయింది, లక్షల సాల్మన్‌లు కింద ఆగిపోయాయి. 1940లలో ఈ చీలిక దారులు కట్టాకే కోలుకోవడం మొదలైంది. అక్కడా నీటిమట్టం విపరీతంగా మారుతుంది.

రిటైర్డ్‌ఏఈ
బాగుంది. కానీ ఒక చిక్కు ఎవరూ ఎత్తలేదు. దారి కట్టడం ఒక ఎత్తు, చేపకు ఆ దారి దొరకడం ఇంకో ఎత్తు. చేప బోర్డు చదివి రాదు కదా, ఎక్కడ నీరు బలంగా వస్తుంటే అక్కడికి పోతుంది. నాలుగు ముక్కల్లో 175 గేట్లున్న చోట ఒక మూల వంద క్యూసెక్కుల కాలువ పెడితే, నదిలో లక్ష క్యూసెక్కులు పోతున్న రోజున అది వెయ్యో వంతు. పక్క గేటు హోరులో చేపకు అది వినపడనే వినపడదు. అమెరికాలో నదీ ప్రవాహంలో 5 నుంచి 10 శాతం దాకా చేప దారి వైపు పిలుపుగా వదలాలని లెక్క వేసుకుంటారు. మనకు వరద రోజున అది సాధ్యం కాదు. వరద తగ్గాక సాధ్యమే.

అందుకని నా ఆలోచన ఇది. దారి ఒడ్డు పక్కనే ఉండాలి, దాని ద్వారం గోడకు ఆనుకుని ఉండాలి. వంద గజాల కింద పెడితే చేప దాన్ని దాటిపోయి గోడ దగ్గర తిరుగుతుంది, వెనక్కి చూడదు. వరద తగ్గేటప్పుడు గేట్లు మధ్య నుంచి దించుకుంటూ వచ్చి, ఒడ్డు పక్క గేట్లను చివరిదాకా ఎత్తి ఉంచాలి. చేప దానంతట అదే ఒడ్డుకు చేరుతుంది.

గోదారిగట్టు
ఈ గేట్ల వరస మార్చడానికి ఖర్చు ఏమీ లేదు కదా ఏఈ గారూ? రేపే చేయొచ్చుగా?

రిటైర్డ్‌ఏఈ
అంత తేలిక కాదండీ. ఒక పక్కే గేట్లు తెరిస్తే నీరు అడ్డంగా కొట్టి దిగువన ఇసుక కోసుకుపోతుంది, ఆప్రాన్ (గేట్ల దిగువన నేల మీద పరిచిన కాంక్రీటు) కింద గొయ్యి పడుతుంది. అందుకే సమంగా తెరవాలని మాకు నేర్పారు. ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు, ఎన్ని గంటలు అన్నది నమూనా కట్టి పరీక్షించి తేల్చాలి. కానీ చేయలేనిది కాదు.

లంకరైతు
ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. వరద తగ్గేటప్పుడు నాలుగు రోజులు ఒడ్డు గేట్లు ఆలస్యంగా దించితే మా కాలువకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఇంతకుముందు గేట్లు తెరిచి ఉంచండి అన్నట్టు అర్థం చేసుకున్నాను. కానీ మాస్టారు గారన్న రెండో మాట, పిల్లలు దిగే సంగతి, అది మాకు తెలుసు. కాలువలో నీళ్ళు కట్టేశాక మా బోదెల్లో (పొలాల చిన్న కాలువల్లో) వేలెడంత వెండి చేపలు గుట్టలుగా చచ్చిపడి ఉంటాయి కొన్నేళ్ళు. అవి పులస పిల్లలేనా?

జువాలజీమాస్టారు
చూడకుండా చెప్పలేను. వెండిగా ఉన్న ప్రతిదీ పులస పిల్ల కాదు. ఈసారి కనపడితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. కడుపు అంచు రంపంలా ఉందా, పై దవడ మధ్యలో చిన్న నొక్కు ఉందా చూడండి. కాలువలోకి పోయిన పిల్లకు తిరిగి నదిలోకి దారి దొరకడం కష్టం. కాలువ తూము దగ్గర చిన్న కన్నుల జాలి పెట్టాలా, పెడితే చెత్త పట్టేస్తుందా, అదొక పెద్ద చర్చ.

యానాంబుల్లోడు
అందరూ కాంక్రీటు మాట్లాడుతున్నారు. నా మొదటి మాట దగ్గరే నేనున్నాను. రేపు బంగారు మెట్లు కట్టండి, ద్వారం ఎదురుగా వల వేస్తే ఏం లాభం? చేపలు గుమికూడే చోటే ముందు వల పడుతుంది. బంగ్లాదేశ్‌లో ఇలస గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట పూర్తిగా ఆపేస్తారు. ఆ రోజుల్లో వేటగాళ్ళ కుటుంబాలకు బియ్యం ఇస్తారు. పిల్ల చేపను పట్టడం మీద కూడా నిషేధం ఉంది. మనకు సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అది అయిపోయాకే పులస ఏట్లోకి వస్తుంది.

ఏటితల్లిబిడ్డ
నేను వల కుటుంబం నుంచే వచ్చాను. మా నాన్న ఇప్పటికీ నావ మీదే ఉంటాడు. వల ఆపండి అనడం తేలిక. మాకు ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడేది ఈ రెండు నెలలే. ఆ 20 వేల పులస ఫొటో అందరూ చూస్తారు, దాని కోసం ఖాళీ వలతో తిరిగొచ్చిన పది రాత్రులు ఎవరూ చూడరు. మా నాన్న చిన్నప్పుడు రేవుకు బుట్టల్లో వచ్చేదట. ఇప్పుడు ఒకటి దొరికితే ఊరంతా చూడటానికి వస్తుంది.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. బ్యారేజీ కిందే వల వేయడం మా వాళ్ళలో పెద్దవాళ్ళకూ నచ్చదు. "ఆగిపోయిన చేపను పట్టడం ఏటి మీద వేట కాదు" అంటాడు నాన్న. ఆ కొద్ది దూరం వదిలేయమంటే, వదిలేసిన రోజులకు మా ఇంటికి బియ్యం, ఖర్చులు ఇస్తామంటే మా రేవులో చాలామంది సరే అంటారు. అడిగేవాళ్ళు రావాలి. మమ్మల్ని అడగకుండా బోర్డు పాతితే మాత్రం రాత్రిపూట వల పడుతుంది.

యానాంబుల్లోడు
తల్లీ, నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు. నేను వాడిగా రాశాను, ఆ ఖాళీ రాత్రుల సంగతి నాకూ తెలుసు.

నీటిబొట్టు
ఫరక్కా గుర్తుకొస్తోంది. 1975లో గంగ మీద ఆ బ్యారేజీ రాకముందు ఇలస అలహాబాద్ దాకా పోయేదట. ఆ తరవాత పైన దాదాపు కనపడకుండా పోయింది. ఇప్పుడు బారక్‌పూర్ చేపల పరిశోధన సంస్థవాళ్ళు కింద పట్టిన ఇలసలను బ్యారేజీ పైకి మోసుకెళ్ళి వదులుతున్నారు, కొన్నిటికి గుర్తు ట్యాగులు కూడా వేస్తున్నారు. పోలవరం ల్యాడర్‌కు సలహా ఇచ్చింది కూడా ఆ సంస్థే. ముట్టుకుంటే చచ్చే చేపను మోసుకెళ్ళగలుగుతున్నారంటే మనకూ ఆశ ఉంది.

జువాలజీమాస్టారు
అమెరికాలో ఇలసకు దాయాది షాడ్ అని ఒక చేప ఉంది. అదీ మెట్లకు బెదురుతుంది. కనెక్టికట్ నది మీద హోల్యోక్ డ్యామ్ దగ్గర 1955లో దాని కోసం ఏకంగా లిఫ్టు పెట్టారు. నీటి తొట్టిలో చేపలు చేరాక తొట్టిని పైకెత్తి అవతల వదిలేస్తారు. చేయి తగలదు. ధవళేశ్వరం ఎత్తుకు లిఫ్టు అక్కర్లేదు, వాలు తక్కువ ఉన్న చీలిక దారి చాలు. పోలవరం ఎత్తు వేరే కథ. దాని ల్యాడర్‌కు వేర్వేరు మట్టాల్లో గేట్లు పెట్టారు, జలాశయం పెరిగినా తగ్గినా నీరు అందాలని. ఆ ఆలోచన సరైనదే. ధవళేశ్వరం దాటిన పులస దాని దాకా ఎన్ని చేరతాయో లెక్కపెట్టే ఏర్పాటు అక్కడ ఉండాలి, మొదటి ఏడు నుంచే.

గోదారిగట్టు
అందరికీ దండాలు. మాటలు ఇక్కడే ఆగిపోకూడదని ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్ళాను. ఏఈ గారి మాట గుర్తుపెట్టుకుని ఏ గేటు ఎప్పుడు దించారో నోటుబుక్కులో రాసుకున్నాను. ధవళేశ్వరం ఒడ్డు నుంచి లెక్కపెడితే మొదటి నాలుగు గేట్లు ఆరింటికే దిగిపోయి ఉన్నాయి, మధ్యవి ఇంకా ఎత్తి ఉన్నాయి. చేపలు మెరిసింది కూడా ఒడ్డున కాదు, ఎత్తి ఉన్న గేట్ల వైపే. అటు నావలు కూడా ఐదు ఉన్నాయి.

ఏటితల్లిబిడ్డ గారూ, మీ నాన్నగారు ఒప్పుకుంటే ఆదివారం ఆయనతో కలిసి కూర్చుంటాను. ఎక్కడ ఆగుతాయో, ఏ నీటికి దాటతాయో ఆయన చెప్పింది రాసుకుని ఏఈ గారికి పంపుతాను. అర్జీ ఆ తరవాత రాద్దాం.

ఏటితల్లిబిడ్డ
ఆదివారం నీరు తీసే పాటు పొద్దున్నే ఉంది, నాన్న ఏటి మీదుంటాడు. పదింటికి రేవు దగ్గరకు రండి. నోటుబుక్కు తడవకుండా కవరు తెచ్చుకోండి, నావలో కూర్చోబెట్టే చెబుతాడు.